ఆగిన బండి, అందని డీజిలు

తెనాలి నిమ్మకాయలు, నిజాంపట్నము రొయ్యలు, రేపల్లె ధాన్యము, బాపట్ల సంతకు పోవు కూరగాయలు, వీనిని ఒకప్పుడు ఎడ్లబండ్లును, కాలువలలోని పడవలును మోయుచుండెడివి. నేడు వీనిలో చాల భాగమును మోయుచున్నది డీజిలుతో నడచు చిన్న పికప్ బండి. ఇట్టి బండ్లలో పెక్కింటికి యజమానియు డ్రైవరును ఒక్కడే. బండి అప్పుపై కొన్నది. నెల తిరుగగనే వాయిదా కట్టవలెను. అట్టి బండి తెల్లవారుజామున చెరుకుపల్లి దాటిన పిదప ఆగిపోయినదనుకొందము. వెనుక పెట్టెలలో మంచు కరగుచున్నది. రొయ్యలు పాడగుటకు ఎంతోసేపు పట్టదు. ఇంజనుకు వచ్చిన చిక్కు చిన్నదే కావచ్చును గాని ఆ యింటికి వచ్చిన చిక్కు చిన్నది కాదు.

ఇట్టి వేళ తరచుగా వినవచ్చు మాట "పంపు పోయినది" అనునది. పంపులు పోకుండ ఉండవు. కాని ఇంధనము నడచు దారిలో అన్నిటికంటె ఖరీదైన భాగములు పంపును, ఇంజెక్టరులును. వానిని విప్పించుటకు ముందు చూడదగినవి చాల కలవు. వానిలో పెక్కింటి వెల స్వల్పము. కావున మేము ఈ ప్రసంగమున చెప్పదలచినది ఒక్కటే: ఇంజనుకు డీజిలు అందనపుడు ట్యాంకు మొదలుకొని వరుసగా చూచుచు రావలెను, పంపుతో మొదలుపెట్టరాదు.

డెల్టా వాసులకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. చివరి పొలమునకు నీరందనపుడు రైతు పొలమును తప్పుపట్టడు. కాలువ వెంబడి నడచి, తూము తెరచియున్నదా, గుర్రపుడెక్క అడ్డుపడినదా, గట్టు గండిపడినదా అని చూచును. ప్రకాశము బ్యారేజి నుండి రేపల్లె ప్రాంతపు కొసభూముల వరకు నీటికెట్టి దారి కలదో, ట్యాంకు నుండి ఇంజను వరకు డీజిలుకును అట్టి దారియే కలదు.

ఆ దారి యిట్లుండును. ట్యాంకు అడుగున జల్లెడ యుండును. అచ్చటి నుండి గొట్టము బయలుదేరి, నీటిని వేరుచేయు గిన్నెకును, ఫిల్టరుకును చేరును. డీజిలును ముందుకు నడపుటకు ఒక చిన్న పంపు కలదు. అది కొన్ని బండ్లలో ట్యాంకులోనే యుండును. ఇంతవరకు ఒత్తిడి స్వల్పము. తరువాత వచ్చునవి పెద్ద పంపును, ఇంజెక్టరులును. ఇచ్చట ఒత్తిడి అత్యధికము. మిగిలిన డీజిలు వేరొక గొట్టమున మరల ట్యాంకు చేరును.

ఇంత ఒత్తిడి యేల? పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనమును మండించును. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. సిలిండరులోని గాలిని గట్టిగా అణచినపుడు పుట్టు వేడిమియే ఇంధనమును మండించును. రుడాల్ఫ్ డీజిల్ 1893లో దీనికి జర్మనీలో పేటెంటు పొంది, 1897లో ఆగ్స్‌బర్గ్ నగరమున చక్కగా పనిచేయు యంత్రమును చూపెను. ఆ యంత్రములో ఇంధనమును చిమ్ముటకు అణచిన గాలి వలసియుండెను. దానికి పెద్ద సామగ్రి కావలెను. 1927లో బాష్ కంపెనీ ఇంజెక్షను పంపుల తయారీ ప్రారంభించిన తరువాతనే డీజిలు ఇంజను లారీలకు సులభముగా అమరినది. పాత తరహా ఇంజెక్టరు సుమారు 200 బార్ల ఒత్తిడికి తెరచుకొనును. 1990ల చివరి నుండి వ్యాపించిన కామన్ రెయిల్ పద్ధతిలో ఈ ఒత్తిడి 1600 బార్లను మించుటయు కలదు. మన బండి చక్రములోని గాలి ఒత్తిడి నాలుగైదు బార్లు మాత్రమే. ఇంత ఒత్తిడిని నిలుపు పనిముట్టులో సందులు వెంట్రుక మందముకంటె ఎంతో సన్నముగా నుండును. కంటికి కానరాని ధూళియు వానికి శత్రువే. అందుచేతనే ఫిల్టరునకు అంతటి ప్రాధాన్యము.

ఇక పరీక్షకు వత్తము. మొదట ట్యాంకులో డీజిలు నిజముగా ఉన్నదా యని చూడవలెను. ముల్లు తప్పు చూపుట కలదు. బ్యాటరీ బలహీనమై ఇంజను మెల్లగా తిరుగుచున్నచో దోషము డీజిలుది కాదు. ఇంజను వేగముగా తిరిగియు అంటుకొననిచో పొగగొట్టమును చూడుడు. తెల్లని పొగ వచ్చుచున్నచో డీజిలు సిలిండరునకు చేరుచున్నది గాని మండుట లేదు. పొగ యేమియు లేనిచో డీజిలు చేరుట లేదని తలచి దారి వెదకవలెను. ఇట్లు అంటుకొనని ఇంజనును అదే పనిగా త్రిప్పరాదు. పెద్ద పంపునకు కందెన డీజిలే. అది లేక తిరిగినచో మంచి పంపును మనమే చెరచుకొన్నట్లగును.

బండి రాత్రి యంతయు నిలిచిన పిదప ఉదయమున అంటుకొనక, ఫిల్టరు దగ్గరి చేతిపంపును నొక్కినంతనే అంటుకొనుచున్నచో, గాలి పట్టినదని తెలిసికొనవలెను. ఇచ్చట ఒక విశేషము కలదు. చిన్న పంపు డీజిలును లాగుకొను భాగములో గొట్టము చిట్లినను, క్లిప్పు వదులైనను, డీజిలు బయటికి కారకపోవచ్చును. గాలి మాత్రము లోనికి పోవును. కావున "ఎక్కడను తడి లేదు, గొట్టములు బాగుగనే యున్నవి" అనుకొనుట సరి కాదు. ఆ భాగమున జానెడు పారదర్శకమైన డీజిలు గొట్టమును తాత్కాలికముగ అమర్చినచో బుడగలు కంటికి కనబడును. పొలములో ఆయిల్ ఇంజను నడపిన రైతులు గాలి తీయుట ఎరుగుదురు: ఫిల్టరుపై నున్న చిన్న మరను వదులుచేసి, చేతిపంపు నొక్కుచు, బుడగలు లేని ధార వచ్చునపుడు మర బిగింతురు. పాత తరహా బండికిని ఇదే పద్ధతి. కాని గాలి తీసినంతమాత్రమున పని ముగియదు. గాలి వచ్చిన త్రోవ మూయనిచో మరునాటి ఉదయమున కథ మొదటికి వచ్చును.

నిలిచియున్నప్పుడు ఇంజను చక్కగా తిరుగుచు, బరువుతో వంతెన ఎక్కునపుడు నీరసించుచున్నచో ఫిల్టరునో, ట్యాంకు జల్లెడనో అనుమానింపవలెను. కొద్ది డీజిలు అడ్డును దాటి రాగలదు. ఎక్కువ కావలసినపుడు రాలేదు. క్రొత్త ఫిల్టరు వేసిన కొద్ది దినములకే మరల ఇట్లగుచున్నచో మురికి ట్యాంకులోనున్నది; ట్యాంకు దింపి కడుగవలెను. పాలిపోయిన పొగ కాక నల్లని పొగతో బలము తగ్గుచున్నచో, డీజిలు అందకపోవుటకంటె గాలి చాలకపోవుటయే ఎక్కువ సంభవము. గాలి ఫిల్టరును చూడవలెను.

కొన్ని మైళ్ళు నడచి ఆగి, కొంతసేపటికి తనంతట నడచు బండి యొకటి. అట్టి బండి ఆగినపుడు ట్యాంకు మూత విప్పి చూడుడు. గాలి లోనికి బుస్సున పోయినచో, ట్యాంకునకు గాలి తగులు రంధ్రము మూసికొనిపోయినదని అర్థము. డీజిలు ఖర్చైనకొలది ఆ చోటికి గాలి రావలెను. రాకున్న లోపల శూన్యమేర్పడి డీజిలు కదలదు. దీనికి వలసినది పంపు కాదు, మూతను శుభ్రము చేయుటయే.

మన తీరమునకు ప్రత్యేకమైన బాధ నీరు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. అట్టి వానలలో మునిగిన బండి ట్యాంకులో నీరు చేరవచ్చును. తుపాను లేకున్నను, సగము ఖాళీగా నున్న ట్యాంకులో తేమగాలి రాత్రివేళ చల్లబడి చెమ్మగా మారును. నీరు డీజిలుకంటె బరువైనది గనుక అడుగున చేరును. ట్యాంకు తుప్పు పట్టును. నీటికిని డీజిలుకును నడుమ సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురు కట్టును. చెరువుల జనరేటర్లకై డ్రమ్ములలో నిలువచేసిన డీజిలును క్యానులతో బండిలో పోయుట వలన ఈ బాధ హెచ్చును. నివారణము సులభము: రాత్రికి ట్యాంకు నిండుగా నుంచవలెను; ఫిల్టరు గిన్నె అడుగు మరను విప్పి ఒక గాజుగ్లాసులోనికి కొంచెము వదలి చూడవలెను. నీరున్నచో అడుగున వేరుగా తేరుకొనును. ముంపునకు గురియైన బండిని ట్యాంకు పరీక్షింపకయే అంటింపరాదు.

ఒక హెచ్చరిక. ఇంతవరకు చెప్పినది స్వల్పమైన ఒత్తిడి గల భాగమునకే చెల్లును. ఇంజను నడచుచుండగా పెద్ద పంపు తరువాతి గొట్టముల కారును వ్రేలితో తడవరాదు. కామన్ రెయిల్ బండిలో ఆ మరలు వదులుచేయనే రాదు. అంతటి ఒత్తిడితో వచ్చు సన్నని ధార చర్మమును ఛేదించి లోనికి పోవును. గాయము సూదిపోటంత కనబడును. మొదట నొప్పియు ఉండకపోవచ్చును. కాని ఆలస్యమైనచో వ్రేలో, చేయియో పోవు ప్రమాదము కలదు. వెంటనే శస్త్రవైద్యుడున్న ఆసుపత్రికి పోయి, ఒత్తిడితో డీజిలు లోనికి పోయినదని స్పష్టముగా చెప్పవలెను. 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన బీఎస్ 6 ప్రమాణముల బండ్లలో, గాలి తీయు పద్ధతికి బండితో వచ్చిన పుస్తకమునే అనుసరింపవలెను. లోని లోపమును కంప్యూటరు పరికరముతో చదివింపవలెను.

డీజిలు స్వచ్ఛముగా, బుడగలు లేక, ధారాళముగా పెద్ద పంపు వరకు వచ్చుచున్నదని తేలిన తరువాత దోషమింకను నిలిచినచో, అప్పుడు పంపును, ఇంజెక్టరులును పరీక్షకు పోవలసినదే. పనితనము గల మేస్త్రీలు ఈ వరుసనే అనుసరింతురు. బండి యజమాని చేయవలసినది రెండే: ఒక ఫిల్టరును, మూరెడు గొట్టమును, నాలుగు క్లిప్పులను బండిలో నుంచుకొనుట, పంపు మార్చవలెనన్న మాట వినబడినపుడు, "మేస్త్రీగారూ, పంపు వరకు డీజిలు వచ్చుచున్నదేమో చూచితిరా?" అని మర్యాదగా అడుగుట. ఒక్కొక్కప్పుడు ఆ ప్రశ్నయే ఒక నెల వాయిదాను నిలుపగలదు.