తిరస్కరణ పత్రం ఎవరి పేరు మీద వచ్చింది?

(వలస, వివాహం, స్త్రీల హక్కులు అన్న అంశంపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బ్రిటన్‌లో ఉన్న భర్త దగ్గరికి వెళ్లడానికి వీసా అడిగి, కాదనిపించుకుని, మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చిన స్త్రీల గురించి నన్ను మాట్లాడమన్నారు. సాధారణంగా మనం దీన్ని కన్సల్టెన్సీ వాళ్ల వ్యవహారంగా చూస్తాం. ఏ కాగితం తక్కువయింది, ఏది జతచేయాలి, అంతవరకే. కానీ ఆ దరఖాస్తు భార్య పేరు మీద ఉంటుంది. తిరస్కరణ కూడా ఆమె పేరు మీదే వస్తుంది. అయినా ఆ కాగితాన్ని అందరికంటే చివర చూసేది, ఒక్కోసారి అసలు చూడనిది, ఆమే. దరఖాస్తులో రాసిన ఈమెయిల్ భర్తదో, మరిదిదో, ఏజెంటుదో అయివుంటుంది. ‘వీసా రాలేదు, మళ్లీ వేద్దాం’ అన్న ఒక్క మాట మాత్రం ఆమెకి చేరుతుంది. నేను చెప్పదలుచుకున్నది ఒకటే. ఆ కాగితం ఆమె చేతికి రాకుండా రెండో దరఖాస్తు మొదలవకూడదు.

భార్యల్ని అనుమానించడం బ్రిటన్ వలస చట్టాలకి కొత్తేమీ కాదు. 1979లో పెళ్లి చేసుకోవడానికి వెళ్లిన ఒక భారతీయ ఉపాధ్యాయురాలికి లండన్ హీత్రూ విమానాశ్రయంలో కన్యత్వ పరీక్ష చేశారు. అప్పట్లో అక్కడికి వెళ్లి పెళ్లి చేసుకోబోయే స్త్రీకి ముందుగా వీసా అక్కర్లేదు. ఈమెకి ముందే పెళ్లయిందేమోనని అధికారుల అనుమానం. 1980లో వచ్చిన నిబంధన ప్రకారం, పెళ్లి ముఖ్యోద్దేశం బ్రిటన్‌లో ప్రవేశించడమేనని అధికారి అనుమానిస్తే విదేశీ భర్తలకి అనుమతి నిరాకరించేవారు. ఆడవాళ్లకొక న్యాయం, మగవాళ్లకొక న్యాయం ఏమిటని ముగ్గురు స్త్రీలు యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకి వెళ్లారు. 1985లో గెలిచారు. ప్రభుత్వం సమానత్వం ఎలా తెచ్చిందో చూడండి. భర్తలకి నిబంధన సడలించలేదు, భార్యలకి కూడా దాన్నే వర్తింపజేసింది! అది రద్దయింది 1997లో.

ఆ తర్వాత అనుమానం స్థానంలో లెక్క వచ్చింది. బ్రిటిష్ పౌరులు గానీ, అక్కడ శాశ్వత నివాస హక్కు ఉన్నవాళ్లు గానీ భార్యనో భర్తనో పిలిపించుకోవాలంటే ఏడాదికి 18,600 పౌండ్ల ఆదాయం చూపించాలని 2012లో నిబంధన పెట్టారు. 2024 ఏప్రిల్ 11 నుంచి కొత్త దరఖాస్తులకి దాన్ని 29,000 పౌండ్లు చేశారు. (తాత్కాలిక ఉద్యోగ వీసాల మీద ఉన్నవాళ్ల కుటుంబాలకి నిబంధనలు వేరు, వాటి జోలికి నేను పోవడం లేదు.) ఇక్కడ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉద్యోగం చేస్తున్న స్త్రీ జీతం మామూలుగా ఈ లెక్కలోకి రాదు. ఆమె ఎంత చదివినా, ఎంత సంపాదిస్తున్నా, అవతలి మనిషి జీతం కాగితమే ఆమె అర్హత. భర్తని పిలిపించుకోవాలనుకునే స్త్రీకి ఇదే నిబంధన ఇంకో రకంగా అడ్డు. ఆడవాళ్ల జీతాలు అక్కడా తక్కువే. ఆదాయ పరిమితి పెట్టడం తప్పు కాదని 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది. అయితే పిల్లల సంక్షేమాన్ని నిబంధనలు సరిగా పట్టించుకోలేదనీ, కొన్ని సందర్భాల్లో ఇతర ఆర్థిక ఆధారాల్ని కూడా చూడాలనీ అంది.

ఇక తిరస్కరణ పత్రం సంగతి. ఏ నిబంధన కింద, ఏ కారణంతో కాదన్నారో అందులో రాసి ఉంటుంది. ఆ కారణాలు స్థూలంగా రెండు రకాలు. ఒకటి కాగితాల లోటు. ఆరు నెలల జీతం చీటీలు బ్యాంకు లెక్కతో సరిపోకపోవడం, యజమాని ఇచ్చే ఉత్తరం లేకపోవడం, భర్తకి అంతకుముందు పెళ్లయివుంటే ఆ విడాకుల పత్రం జతచేయకపోవడం వంటివి. ఇలాంటి చోట లోటు సరిచేసి మళ్లీ దరఖాస్తు పెట్టడం మేలు కావచ్చు. రెండోది అధికారి నిర్ణయంలోని తప్పు. ఇచ్చిన సాక్ష్యాన్ని చూడకపోవడం, మీది నిజమైన దాంపత్యం కాదనడం. ఇక్కడ అప్పీలు గురించి ఆలోచించాలి. బయటి దేశంలో ఉన్నవాళ్లకి నిర్ణయం అందినప్పటి నుంచి 28 రోజులు గడువు. దాటితే ఆలస్యానికి కారణం చెప్పి అనుమతి అడుక్కోవాలి. ఆ ఉత్తరం ఎవరి ఈమెయిల్‌లోనో నెలరోజులు పడి ఉంటే, అప్పీలా, కొత్త దరఖాస్తా అన్న నిర్ణయం ఆమె ప్రమేయం లేకుండానే జరిగిపోయినట్టు.

కొత్త దరఖాస్తంటే ఖర్చు కూడా మళ్లీ మొదటినుంచీ. దరఖాస్తు రుసుం 2025 ఏప్రిల్‌లో 1,938 పౌండ్లయింది. తిరస్కరిస్తే అది తిరిగి రాదు. ఆరోగ్య సేవల కోసం కట్టించుకునే సొమ్ము మాత్రం తిరిగిస్తారు. ఈ ఖర్చు చాలా ఇళ్లలో పుట్టింటి మీద పడుతుందనీ, కట్నానికి కొత్త పేరవుతుందనీ ఇక్కడున్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. రెండో దరఖాస్తులో పాత తిరస్కరణని దాచకూడదు. దాచడమే మరో తిరస్కరణకి కారణమవుతుంది. పాత పత్రంలోని ప్రతి కారణానికీ జవాబు ఉండాలి. ఆ జవాబులు రాసే మనిషికి ఆ కారణాలు తెలియొద్దూ?

ఆ కాగితం ఆమెకి ఇంకో పని కూడా చేస్తుంది. భర్త జీతమెంతో, ఏ ఇంట్లో ఉంటున్నాడో, ముందు పెళ్లి అయిందో లేదో కొందరు స్త్రీలకి మొట్టమొదట చెప్పేది అదే. రెండు వారాల సెలవులో చూపులూ పెళ్లీ ముగించే సంబంధాల్లో పెద్దలు అడగని ప్రశ్నల్ని వీసా అధికారి అడుగుతాడు. అతని ఉద్దేశం వేరే కావచ్చు, జవాబులు మాత్రం ఆమెకి అవసరమైనవే.

అసలు దరఖాస్తే వేయకుండా ‘వీసా తిరస్కరించారు’ అని భార్యని ఏళ్లతరబడి అత్తింట్లోనో పుట్టింట్లోనో ఉంచేయడం కూడా ఉంది. వేలిముద్రలూ ఫొటో ఇవ్వాల్సింది ఆమే. ఆమె వీసా కేంద్రం గడప తొక్కకుండానే తిరస్కరణ వచ్చిందంటే నిలదీయాల్సిందే. భార్యని తీసుకెళ్లి, ఆ తర్వాత స్వదేశానికి తెచ్చి వదిలేసిన సందర్భాలున్నాయి. అక్కడి స్త్రీల సంఘాల పోరాటం వల్ల, ఇలా వదిలివేయబడ్డ స్త్రీ బయటి దేశం నుంచే సొంతంగా దరఖాస్తు పెట్టుకునే వీలు 2024 జనవరి 31 నుంచి బ్రిటన్ నిబంధనల్లోకి వచ్చింది. మన దగ్గర జాతీయ మహిళా కమిషన్‌లో ప్రవాస వివాహాల ఫిర్యాదులకి 2009 నుంచి ప్రత్యేక విభాగం ఉంది.

మన సంఘాలకి ఇలాంటి స్త్రీ వచ్చినప్పుడు ‘మళ్లీ ఎప్పుడు వేస్తున్నారు’ అని అడిగేముందు కొన్ని విషయాలు చూద్దాం. తిరస్కరణ పత్రం ప్రతి ఆమె దగ్గర ఉందా? దరఖాస్తులో ఉన్నది ఆమె సొంత ఈమెయిలేనా? మన రాష్ట్రంలో 2002 చట్టం ప్రకారం పెళ్లి రిజిస్టరు చేయించి, ఆ పత్రం ఆమె తన దగ్గర ఉంచుకుందా? భర్త ఇచ్చిన కాగితాలు ఆమె చదివిందా? చివరగా, ఇవన్నీ చదివాక కూడా ఆమె వెళ్లాలనుకుంటోందా? వెళ్తానంటే కాగితాలు సిద్ధం చేయడంలో తోడుందాం. వద్దంటే, ఆ మాట ఇంట్లో చెప్పడానికి తోడుందాం.