మోటారుబండికి అదనపు బలము



కుటుంబమంతయు కూర్చుండి ప్రయాణము చేయుటకు వీలుగా ఎత్తుగాను విశాలముగాను కట్టిన మోటారుబండ్లలో, పందెపుబండి వేగము కలిగిన జాతి యొకటి కలదు. దానిని పెర్ఫార్మెన్సు ఎస్.యు.వి. అని పిలుతురు. ఆ బండి యింజనును విప్పకయే, లోపలనున్న కంప్యూటరు లెక్కలను మార్చి, బలమును పెంచి యిత్తుమని చెప్పు వర్తకులు నేడు పెక్కు దేశములలో నున్నారు. ఈ మార్పునకే ట్యూను అని పేరు. అంగడిలో అనేకవిధములైన ట్యూనులు దొరకును. వానిలో దేనిని ఎన్నుకొనవలెను, ఏ ప్రశ్నలు వేసి ఎన్నుకొనవలెను అనునదియే నేటి ప్రసంగ విషయము.

ఇది అమెరికా, జర్మనీ దేశముల వేడుక గదా, పల్లెలోనున్న మనకేల అని మీరు అనుకొనవచ్చును. మన జిల్లాల నుండి వెళ్లి టెక్సాసులోను, న్యూజెర్సీలోను, కాలిఫోర్నియాలోను కాపురములు పెట్టుకొన్న బిడ్డలు పలువురు ఇట్టి బండ్లను అప్పుమీద కొనుచున్నారు. ఆ బండిలోనే మనుమలు బడికి పోవుదురు. మనము చూడబోయినప్పుడు విమానాశ్రయము నుండి మనలను తీసికొనివచ్చునదియు నదియే. బిడ్డలు సలహా అడుగకపోయినను, ప్రశ్న వేయు అధికారము పెద్దలకు ఎప్పుడును కలదు.

ఉదాహరణకు ఒక బండిని తీసికొందము. జర్మనీవారి ఆడి ఎస్‌క్యూ5 అను బండి రెండవ తరము 2017లో వెలువడినది. దాని పెట్రోలు ఇంజనునకు ఆరు సిలిండర్లు, మూడు లీటర్ల పరిమాణము, ఒక టర్బో. బలము 354 అశ్వశక్తి. తిప్పుబలము, అనగా టార్కు, 500 న్యూటను మీటర్లు. బండి బరువు రమారమి రెండు టన్నులు. కంప్యూటరు లెక్క మార్చినంత మాత్రమున దీని బలమును 400 దాటింతుమని ప్రకటించువారు కలరు. అది అబద్ధము కాదు, అట్లు చేయవచ్చును. ఆ హెచ్చు ఎక్కడి నుండి వచ్చుచున్నదో తెలిసికొనుటయే ముఖ్యము.

పూర్వపు డీజిలు ట్రాక్టరులో నూనెను కొలిచి యిచ్చునది ఇనుప పంపు. కంపెనీవారు దానికి సీలు వేసి పంపుదురు. దమ్ము చేయునప్పుడు బలము చాలలేదని, మెకానిక్కుచేత సీలు త్రెంపించి, మర త్రిప్పించి, నూనె యెక్కువ పోవునట్లు చేయించుకొన్నవారిని మీరెరుగుదురు. ట్రాక్టరు గట్టిగానే లాగినది. పొగ నల్లగా వచ్చినది. కొన్నాళ్లకు ఇంజను విప్పవలసి వచ్చినది. నేటి బండిలో ఆ మరకు బదులు కంప్యూటరు వచ్చినది. 1979లో జర్మనీ దేశపు బాష్ కంపెనీ, ఒక బి.ఎం.డబ్ల్యు. బండిలో, పెట్రోలు కొలతను నిప్పురవ్వ వేళను ఒకే కంప్యూటరు పాలనకు తెచ్చినది. అప్పటినుండి సీలు త్రెంపుట అనగా లెక్క తిరుగవ్రాయుట అని అర్థమైనది.

ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు తూకమున 14.7 పాళ్ల గాలి కావలెను. కావున బలము పెరుగవలెనన్నచో గాలి పెరుగవలెను. ఇంజను నుండి వెడలు వేడి వాయువుచేత ఒక చక్రమును త్రిప్పించి, ఆ చక్రపు బలముతో లోనికి గాలిని అదిమి పంపు ఉపాయమునకు స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు పొందెను. టర్బో యన నదియే. ట్యూను చేయువాడు టర్బో అదుము గాలిని హెచ్చించును; దానికి తగినంత పెట్రోలు పోయించును; నిప్పురవ్వను కొంచెము ముందుగా రగిలించును. కంపెనీవారు పెట్టిన హద్దులను అంతమేరకు పైకి జరుపును.

కంపెనీవారు ఆ హద్దును తక్కువగా ఏల ఉంచిరి? తెలియక కాదు. ఒకే లెక్కతో నడచు బండ్లు ఎన్నో దేశములకు పోవును. ఒకచోట మండుటెండ, ఒకచోట కొండయెక్కుడు, ఒకచోట నాసి పెట్రోలు. ఒక యజమాని వేళకు నూనె మార్పించును, మరియొకడు మరచును. వీరందరి చేతిలోను ఇంజను ఏండ్ల తరబడి నిలువవలెనని కొంత బలమును నిలువయుంచిరి. ఎద్దు ఒకనాడు మోయగలిగినంత బరువును ప్రతిదినము దానిపై వేయు రైతు ఎవడును లేడు. ట్యూను క్రొత్తబలమును సృష్టింపదు. గాదెలోని విత్తనపుగింజలను తీసి వాడుకొనుట వంటిది. కొంత తీయవచ్చును. ఎంత తీయుచున్నామో తెలిసి తీయవలెను.

ఎక్కువ తీసినచో వచ్చు మొదటి ప్రమాదము నాకింగు. నిప్పురవ్వ రగిలిన తరువాత మంట ఒక అంచు నుండి మరియొక అంచునకు క్రమముగా పాకవలెను. గాలిని మిక్కిలిగా అదిమినప్పుడును, వేడి హెచ్చినప్పుడును, మంట చేరకమునుపే మూలనున్న మిశ్రమము తనంతట తాను భగ్గుమనును. సుత్తితో మోదినట్లు చప్పుడగును. ఇంజనునకు చెవివంటి పరికరమొకటి అమర్చియుందురు. అది ఈ చప్పుడు విని రవ్వను ఆలస్యము చేయించును. కాని ఎల్లప్పుడు ఆ కాపలాదారుని మేలుకొలిపి నడుపు ఇంజను ఏదో యొకనాడు పిస్టను పగిలి కూర్చుండును.

నాకింగునకు ఓర్చుకొను గుణమును పెట్రోలులో ఆక్టేను అను అంకెతో కొలుతురు. ఈ కొలత దేశమును బట్టి మారును. జర్మనీలో 98 అని వ్రాసిన పెట్రోలు అమెరికా కొలతలో రమారమి 93. అమెరికాలోనే పెక్కు తూర్పు రాష్ట్రములలో 93 దొరకును; కాలిఫోర్నియాలో సామాన్యముగా దొరకు మేలురకము 91. వర్తకుడు ప్రకటించు పెద్ద అంకె తరచుగా మేలురకపు పెట్రోలుతో, చల్లనిగాలిలో వచ్చిన అంకె. డల్లాసు నగరమున ఆగస్టు నెలలో ఎండ 38 డిగ్రీలు దాటుట సాధారణము. ఆ యెండలో, బండినిండ మనుషులతో, సామానుతో, తక్కువరకపు పెట్రోలు మాత్రమే దొరకిన దారిలో ఇంజను ఏమగునో ఆ అంకె చెప్పదు.

కావున నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇది. బండి మిక్కిలి బలముగా పరుగెత్తు దినమును చూచి ట్యూనును ఎన్నుకొనరాదు. బండికి మిక్కిలి కష్టమైన దినమును తలచి ఎన్నుకొనవలెను. చెరువుకట్ట ఎత్తును మంచివాన చూచి నిర్ణయింపము గదా; తుపానును తలచి నిర్ణయింతుము.

ఈ కొలబద్దతో అంగడిలోని రకములను చూతము. ఒకటి, బయట తగిలించు పెట్టె. ఇది కంప్యూటరు లెక్కను ముట్టదు. గాలి కొలతను తెలుపు తీగకు నడుమ కూర్చుండి, గాలి పది పాళ్లున్నప్పుడు ఎనిమిదియే యున్నదని కంప్యూటరునకు చెప్పును. అది నమ్మి మరింత గాలి అదిమించును. ధర తక్కువ, తీసివేయుట సులభము. కాని గాదె కాపలావానికి తప్పులెక్క చెప్పి పని జరుపుకొనుట వంటిది. రెండవది, ఒక జాతి బండ్లన్నిటికి ముందే వ్రాసియుంచిన సిద్ధపు లెక్క. పలుబండ్లలో పరీక్షించి, 91కి ఒకటి, 93కి ఒకటి అని వేరువేరుగా వ్రాసినదైనచో, సామాన్య గృహస్థునకు ఇదియే తగినది. మూడవది, ఆ బండి యొక్క నడక వివరములను దాఖలు చేసి, చూచి, దానికే ప్రత్యేకముగా వ్రాసినది. ఇది వ్రాసినవాని నేర్పును బట్టి ఉత్తమమైనను కావచ్చును, అధమమైనను కావచ్చును.

ఏ రకమైనను, సొమ్ము చెల్లించుటకు ముందు కొన్ని ప్రశ్నలు వేయవలెను. మీ అంకె ఏ పెట్రోలుతో, ఎంత వేడిలో వచ్చినది? బండిని ఉరుళ్లపై నిలిపి బలము కొలుచు డైనమోమీటరుపై, ఒకే దినమున, ఒకే యంత్రముపై, మార్పునకు ముందును తరువాతను కొలిచితిరా? వరుసగా నాలుగైదు పర్యాయములు పరుగెత్తించి, ఇంజను కాగిన తరువాత కొలిచితిరా? ఒక్కొక్క సిలిండరులో నాకింగు వలన రవ్వ ఎంత వెనుకకు జరిగినదో ఆ దాఖలా చూపింతురా? మొదటి లెక్కను భద్రపరచి, కోరినప్పుడు తిరిగి ఎక్కింతురా? ఈ ప్రశ్నలకు విసుగుకొను వర్తకుని విడిచి రావలెను.

గేరుబాక్సును గూర్చియు అడుగవలెను. టార్కు 500 నుండి 600కు పెరిగినచో గేరుబాక్సులోని ప్రతి పండ్లచక్రముపైన అయిదవవంతు బరువు హెచ్చినట్లే. ఇంజను మెల్లగా తిరుగుచున్నప్పుడే ఒక్కసారిగా టార్కును ఎక్కించు ట్యూను కాలికి ఉత్సాహముగా నుండును, గేరుబాక్సునకు శత్రువగును. క్రిందివేగములో టార్కును అదుపులో నుంచి, పైవేగములో బలము నిచ్చునది మేలు. బ్రేకులను మరువరాదు. వేగము గంటకు 100 కిలోమీటర్ల నుండి 120కి పెరిగినచో బండిలోని శక్తి 44 వంతులు నూటికి పెరుగును. దానినంతయు నిలుపవలసినది ఆ పాత బ్రేకులే, ఆ పాత టైర్లే.

ఇక పూచీ, చట్టము. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్ మాస్ వారంటీ చట్టము ప్రకారము, బయటి సామగ్రి వాడినంత మాత్రమున కంపెనీవారు పూచీని త్రోసివేయలేరు. అయినను చెడిపోవుటకు ఆ మార్పే కారణమైనచో ఆ ఖర్చు యజమానిదే. లెక్క మార్చిన గుర్తు పలు కంప్యూటరులలో నిలిచియుండును. తిరిగి పాతలెక్క ఎక్కించినను దొరకవచ్చును. భీమా కంపెనీకి ముందుగా తెలుపుటయు అవసరమే.

పొగను శుద్ధిచేయు సాధనములను పని చేయకుండ చేయు ట్యూను అమెరికా కేంద్ర చట్టమునకు విరుద్ధము. కాలిఫోర్నియాలో 2021 జూలై నుండి పొగపరీక్షలో కంప్యూటరు లెక్క మార్చబడినదా అనియు చూచుచున్నారు. ప్రభుత్వ అనుమతి సంఖ్య కలిగిన ట్యూను మాత్రమే అక్కడ చెల్లును. లెక్కతో మోసగించుట పెద్దలకును చెల్లలేదు. పరీక్షవేళ ఒకవిధముగాను, దారిలో ఒకవిధముగాను నడచు లెక్కను డీజిలు బండ్లలో నుంచిన వోక్స్‌వాగన్ కంపెనీ గుట్టు 2015లో బయటపడినది. అట్టి బండ్లు లోకమంతట కోటికి పైగా నున్నవి. హైదరాబాదులో ట్యూను చేయించుకొన దలచినవారికి మన చట్టము కలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదని చెప్పుచున్నది.

ఇన్ని చెప్పినందున ట్యూను పూర్తిగా వర్జనీయమని నా భావము కాదు. పూచీకాలము ముగిసిన బండి; క్రొత్త ప్లగ్గులు, మంచి నూనె, గట్టి బ్రేకులు ముందుగా సమకూర్చుకొన్న యజమాని; చట్టమునకు లోబడి, ఊరిలో దొరకు పెట్రోలుకే వ్రాసిన మితమైన లెక్క: ఈ మూడును కుదిరినప్పుడు ఎక్కువ హాని లేదు. వర్తకుని పట్టికలో పెద్ద అంకె కలదాని ప్రక్కన చిన్న అంకె కలది ఒకటి ఉండును. గృహస్థుడు కోరదగినది సాధారణముగా అదియే. నూరు అశ్వముల బలము పెరిగినదన్న సంతోషము ఒక వారముండును. మిగిలిన అప్పు వాయిదాలు ఏండ్ల తరబడి యుండును.

మీ బిడ్డ ఫోనులో ఈ ప్రస్తావన తెచ్చినప్పుడు, ఎంత బలము పెరుగునని అడుగకుడు. మండుటెండలో, తక్కువ పెట్రోలుతో, పిల్లలందరు లోపల నుండగా, ఆ బండి ఎట్లు నడచునో వర్తకుడు వ్రాసి యిచ్చినాడా అని అడుగుడు. ఆ కాగితము చేతికి వచ్చువరకు ఇంజనును కంపెనీవారు ఇచ్చినట్లే ఉండనిండు.