పరీక్ష ఇద్దరికీ జరగాలి



ఈ విషయం మాట్లాడదామంటే మాలోనే కొందరు సిగ్గుపడ్డారు. మన అప్పుల పుస్తకం చూశాక మాట్లాడక తప్పదనిపించింది. పిల్లల కోసం వైద్యానికని ఒక చెల్లి మూడుసార్లు అప్పు తీసుకుంది. 7 ఏళ్ళపాటు స్కానింగులు, ఇంజక్షన్లు అన్నీ ఆమెకే. భర్తకి 43 ఏళ్ళు, బరువు 100 కిలోలకి దగ్గర. ఆయనకి ఒక్క పరీక్షా రాయలేదు, ఆయనా అడగలేదు. ‘గొడ్రాలు’ అన్న మాట మాత్రం ఈమెకే వచ్చింది.

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కారణం కూడా ఉంటుంది. మగాడికి వయసేంటి అంటారు. మనకి నెలసరి ఆగినట్టు వాళ్ళకి ఒక్కసారిగా ఆగదు, నిజమే. కానీ 40 దాటాక వీర్యకణాల కదలిక మెల్లగా మందగిస్తుంది, వాటిలో దెబ్బతిన్నవి ఎక్కువవుతాయి. గర్భం రావడం ఆలస్యమవుతుంది, వచ్చింది నిలవకపోయే అవకాశమూ పెరుగుతుంది. గర్భం పోయినప్పుడు ‘ఏం బరువెత్తావు’ అని కోడల్ని అడిగే అత్తలు మనలోనూ ఉన్నారు.

ఇక బరువు. కొవ్వు పెరిగితే అది మగ హార్మోన్‌ని ఆడ హార్మోన్‌గా మార్చేస్తుంది, వీర్యకణాల తయారీ తగ్గుతుంది. వృషణాలు ఒంటి వేడికన్నా చల్లగా ఉండాలి. లావుగా ఉండి గంటలకొద్దీ ఆటో సీట్లోనో, కొలిమి దగ్గరో ఉంటే అదీ కుదరదు. మగవారికి నడుము 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. కుట్టుపని నేర్చిన మనందరి దగ్గరా టేపు ఉంది కదా! కుర్రాళ్ళు కండల కోసం జిమ్ముల్లో వేయించుకునే హార్మోన్ ఇంజక్షన్లయితే వీర్యకణాల తయారీనే ఆపేయగలవు. ఇంట్లో కొడుకులుంటే అడగండి.

వీర్య పరీక్షలో కోతా లేదు, నొప్పీ లేదు. 2 నుంచి 7 రోజులు దూరంగా ఉండి నమూనా ఇవ్వాలి. ఒకసారి తేడా వస్తే మళ్ళీ చేయిస్తారు. కొత్త వీర్యకణాలు తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి ఇవాళ సిగరెట్టు మానినా, బరువు తగ్గినా ఫలితం మూడు నెలలకి గానీ తెలీదు. బరువు తగ్గితే అందరికీ పిల్లలు పుడతారని మేం చెప్పడం లేదు. నరాల వాపు, నాళం మూసుకుపోవడం వంటి వేరే కారణాలు డాక్టరే చూడాలి. ఏడాది ప్రయత్నించినా కాకపోతే, భార్యకి 35 దాటితే ఆరు నెలలకే, ఇద్దరూ కలిసి వెళ్ళాలి.

ఆ చెల్లి భర్త చివరికి పరీక్ష చేయించుకున్నాడు. కణాలు తక్కువని తేలింది. ఇప్పుడు పొద్దున్నే కొమ్మాది వైపు నడుస్తున్నాడు. పిల్లలు ఇంకా కలగలేదు. అత్తగారు మాత్రం ఆ మాట అనడం మానేసింది.

ఇకమీద ఇలాంటి అప్పు అడిగితే భర్తకీ పరీక్ష అయిందా అని అడగాలని తీర్మానించాం. ఇంటి గుట్టు సంఘానికెందుకని ఇద్దరు అన్నారు. రిపోర్టు ఎవరికీ చూపించక్కర్లేదు. అయిందా లేదా, అంతే అడుగుతాం.