ఆగిన చదువు ముగిసిన చదువు కాదు
(వాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన పిల్లగాడు పదో తరగతి తప్పితే కూలికి తోలుతున్నాం. ఆడపిల్ల తప్పితే పెళ్ళి చేసేస్తున్నాం. 'మనకు చదువెక్కడ అబ్బుద్ది' అంటున్నాం. అది మన మాట కాదు, ఊరు మన నోట్లో పెట్టిన మాట.

బాబాసాహెబ్ చదువు కూడా ఆగింది. 1917లో స్కాలర్‌షిప్ గడువు తీరి లండన్ చదువు సగంలో వదిలి వచ్చారు. ఆయన సామాను తెస్తున్న ఓడ యుద్ధంలో మునిగింది. బరోడాలో ఉద్యోగం దొరికింది గానీ తలదాచుకునే చోటు దొరకలేదు. పేరు మార్చుకుని సత్రంలో ఉంటే కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. ఆయనా ఏడ్చారు. ఏడ్చి ఊరుకోలేదు. బొంబాయిలో కాలేజీ పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టారు. షాహూ మహారాజు సాయం చేశారు, స్నేహితుడు అప్పిచ్చాడు. 1920లో మళ్ళీ లండన్ పోయి, 1923లో డి.ఎస్సీ. పట్టా అందుకున్నారు.

చూశారా, అంతటివాడికీ చేయందించే మనిషి కావలసొచ్చింది. మరి మన పిల్లలకెవరు? మనమే! సప్లిమెంటరీ పరీక్ష ఉంది, ఓపెన్ స్కూలు ఉంది. మాలో కొందరం తప్పి, కూలికి పోయి, మళ్ళీ కట్టి పాసైనవాళ్ళమే. ఈ రాత్రే వాడలో తప్పినవాళ్ళ పేర్లు రాద్దాం. ఫీజుకి ఇంటింటా చందా ఎత్తుదాం. సాయంత్రాలు పాఠం మేం చెబుతాం.

పడ్డవాణ్ణి లేపడమే ఉద్యమం. జై భీమ్!