గీత మారినా నీటి దారి మారదు



ఈ పూట నేను విత్తనాల గురించి గాని, పురుగుమందుల గురించి గాని చెప్పబోవటం లేదు. పంచాయతీ గురించి నాలుగు మాటలు మనవి చేయదలిచాను. “పంచాయతీ సంగతి సర్పంచు చూచుకుంటాడు, మా ఎవుసం మేము చూచుకుంటాము, రెంటికీ పొత్తేమిటి?” అని మీరనవచ్చు. పొత్తు వున్నది. అది ఎటువంటిదో మా అచ్చంపేట ప్రాంతంలో నేను కళ్ళారా చూచిన ఒక కుంట సంగతి వింటే మీకే బోధపడుతుంది.

ముందుగా కొంచెం పూర్వ చరిత్ర. ఊరి పనులు ఊరివారి చేతిలోనే వుండాలని బల్వంతరాయ్ మెహతా సంఘం 1957లో సిఫారసు చేసింది. 1959లో పండిత నెహ్రూగారు మన పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌కు వచ్చి పంచాయతీరాజ్యానికి ప్రారంభోత్సవం చేశారు. గ్రామానికి పంచాయతీ, బ్లాకుకు సమితి, జిల్లాకు పరిషత్తు, ఇదీ ఆనాటి ఏర్పాటు. ఆ రోజుల్లో వ్యవసాయ విస్తరణాధికారి సమితి ఆఫీసులోనే కూర్చునేవాడు. గ్రామసేవకుడు వూళ్ళు తిరిగేవాడు. 1980 దశకం మధ్యలో సమితులు పోయి మండలాలు వచ్చినవి. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలుకు వచ్చింది. పంచాయతీలకు అప్పగించదగిన 29 విషయాల పట్టికను అది రాజ్యాంగంలో చేర్చింది. ఆ పట్టికలో మొట్టమొదటిది ఏమిటనుకున్నారు? వ్యవసాయం, వ్యవసాయ విస్తరణ. చిన్న నీటి వనరులు మూడవది.

తెలంగాణ ఏర్పడిన పిదప 2016 అక్టోబరు 11న జిల్లాలు విభజించారు. మన పాత జిల్లా నుండి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరు జిల్లాలైనవి. అచ్చంపేట రెవెన్యూ డివిజను కేంద్రమయింది. అమ్రాబాదు మండలం నుండి పదర వేరుపడింది. ఆ తరువాత 2018 చట్టం వచ్చింది. తండాలు, గూడేలు అనేకం స్వంత పంచాయతీలైనవి. రాష్ట్రంలో పంచాయతీల సంఖ్య 12 వేల 7 వందలు దాటింది.

ఇది మంచిదే. ఒకప్పుడు కలెక్టరు ఆఫీసుకు అర్జీ ఇవ్వాలంటే మహబూబ్‌నగర్ పోయి రావలె, ఒక దినం కూలి పోగొట్టుకోవలె. ఇప్పుడు నాగర్‌కర్నూలు పోయి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చును. తండావాసుల్లో ఒకరు తమ తండాకు తామే సర్పంచు కాగలుగుతున్నారు. దీనిని తక్కువగా చూడరాదు.

అయితే ఆఫీసు దగ్గరికి వచ్చినంత మాత్రాన అధికారం చేతికి వచ్చినట్లేనా? ఇక కుంట సంగతి వినండి.

నా క్లస్టరులో ఒక పాత ఊరు వున్నది. దాని శివారు తండా 2018లో వేరు పంచాయతీ అయింది. వాగు నుండి కుంటకు నీళ్ళు తెచ్చే కట్టుకాలువ తల తండా హద్దులో పడింది. కుంట కట్ట, తూము పాత ఊరి హద్దులో పడినవి. కుంట కింది మడులు ఇరువురివీ. 2021లో వానలు బాగానే పడినవి. ఊరి చెరువు అలుగు పోసింది, ఆ కుంట మాత్రం సగం కూడా నిండలేదు. కట్టుకాలువ ఒకచోట తెగి, మరొకచోట పూడి, వచ్చిన నీరు తిరిగి వాగులోకే పోయింది. యాసంగిలో చివరి మడుల వరి పొట్టదశలో ఎండింది.

నేను పోయి చూచాను. “నీటి ఎద్దడి” అని రిపోర్టు రాశాను. వచ్చే యాసంగికి వరి మాని వేరుశనగ, మినుము వంటి ఆరుతడి పంటలు వేయమని సలహా చెప్పాను. తండా పెద్దమనిషి ఒకాయన నా వంక చూచి ఇట్లా అన్నాడు:

“కుంట ఆ ఊరికి పోయింది, కాలువ మా తండాకొచ్చింది సారూ. నడుమ వరి ఎండవట్టె. పంట మార్చమంటివి, మంచిదే. మరి కాలువ సంగతి ఎవరికి చెప్పాలె?”

“కనుక్కుంటా పెద్దయ్యా” అన్నాను గాని, నాకు జవాబు తెలియదు. ఒక ఆఫీసుకు కాగితం పట్టుకు పోతే కాలువ ఆ పంచాయతీది కాదన్నారు. మరొకచోట కుంట ఈ పంచాయతీది కాదన్నారు. పాత ఊరివారు కాలువ తండావారిదే గదా అని వూరుకున్నారు. తండావారు కుంట వారిదే గదా అని వూరుకున్నారు. పంచాయతీ రెండయినా సర్వే నంబర్లన్నీ పాత రెవెన్యూ గ్రామం పేరనే వున్నవి. అప్పుడు నాకు తట్టింది. గీత గీసినవారు ఇండ్లను, ఓట్లను చూచి గీశారు. నీరు మాత్రం పల్లం చూచి పోతుంది.

2022 ఎండాకాలంలో ఉభయ గ్రామాల రైతులు కాలువ గట్టు మీద కూర్చున్నారు. తాడుతో కాలువ పొడవు కొలిచారు. ఎంత తండా హద్దులో, ఎంత ఊరి హద్దులో తేల్చారు. ఆయకట్టు రైతుల పేర్లు, సర్వే నంబర్లు ఒక కాగితం మీద రాశారు. ఒకే వారంలో రెండు గ్రామసభల్లోను ఒకే తీర్మానం, అవే మాటలతో చేశారు. ఎవరి హద్దులోని పూడిక వారి పనుల పట్టికలో చేరింది. ఉపాధి పని కింద రెండు వైపులా పూడిక తీశారు. ఆ వానకాలం కుంట నిండింది. తూము మరమ్మతు మాత్రం కాలేదు. దానికి మళ్ళీ అడగవలసే వున్నది. అడగందే అమ్మయినా పెట్టదు గదా!

దీనివలన మనం నేర్చుకొనవలసినవి నాలుగు.

మొదటిది: గ్రామసభకు పోవలెను. 2018 చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి సభ జరగాలి. నిర్ణీత సంఖ్యలో ఓటర్లు రాకుంటే ఆ సభ చెల్లదు. “మేము పోకపోతే ఏమాయె” అనుకుంటే, మీరు లేనప్పుడు వీధి దీపాల మాట వస్తుంది గాని కాలువ మాట రాదు.

రెండవది: నోటి మాట కాదు, తీర్మానం కావలె. పని పేరు, స్థలం, పొడవు, లాభపడే రైతుల సంఖ్య అందులో వుండాలి. పుస్తకంలో రాసి చదివి వినిపించమని కార్యదర్శిని అడగండి. అది మీ హక్కు.

మూడవది: ఏటేటా తయారయే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఆ పని చేర్పించవలె. ప్రణాళికలో లేని పనికి డబ్బు దొరకడం కష్టం.

నాలుగవది: నీరు రెండు పంచాయతీలదైతే ఇద్దరూ కలిసి అడగవలె. వేరు కాపురం పెట్టిన అన్నదమ్ములు బావి పూడిక కలిసి తీసుకోరా? ఇదీ అంతే.

అమ్రాబాదు పైభాగాన షెడ్యూలు గ్రామాల్లో వున్న చెంచు సోదరులకు, ఇతర గిరిజన రైతులకు ఇంకొక సంగతి. 1996 నాటి పెసా చట్టం మీకు వర్తిస్తుంది. అభివృద్ధి పనులకు మీ గ్రామసభ ఆమోదం కావలె. చిన్న నీటి వనరుల యాజమాన్యం పంచాయతీలకు చెందాలని ఆ చట్టం చెబుతున్నది. ఇది తెలియకపోతే చట్టం వుండీ లేనట్లే.

నా తోటి విస్తరణ ఉద్యోగులకు కూడా ఒక మనవి. రాజ్యాంగ పట్టికలో మన పని మొదట వున్నా, మన జీతం, మన పై అధికారి శాఖలోనే వున్నారు, పంచాయతీలో కాదు. ఆ లోటు మనం తీర్చలేము. కాని మన క్లస్టరు సుమారు 5,000 ఎకరాలది, పంచాయతీ గీతలను దాటి వుంటుంది. కనుక రెండు ఊళ్ళ మధ్య కబురు నడపగలవారిలో ముందువాళ్ళం మనమే. పంట రిపోర్టులో “నీటి ఎద్దడి” అని రాసి చేతులు దులుపుకోరాదు. నేను ఆ తప్పు చేశాను గనుకనే చెబుతున్నాను. కారణం రాయండి, గ్రామసభలో చెప్పండి.

2024 ఫిబ్రవరి మొదలు దాదాపు రెండేండ్లు మన పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలో వున్నవి. 2025 డిసెంబరు ఎన్నికలతో మళ్ళీ సర్పంచులు వచ్చారు. వారిలో అనేకులు కొత్తవారు. మీ కుంట ఎక్కడున్నదో, కాలువ ఎక్కడ తెగిందో వారికి చూపించవలసినవారు మీరే. వానలు రాకముందే ఒక పొద్దున సర్పంచును, వార్డు సభ్యులను వెంటబెట్టుకొని కాలువ తల నుండి చివరి మడి దాకా నడవండి. పక్క ఊరి సర్పంచును కూడా పిలవండి. నలుగురూ కండ్లతో చూచిన పని కాగితం మీదికి త్వరగా ఎక్కుతుంది.