పొగ లేని చోట కూర్చుందాం
(రోగుల బంధువులకు చేసిన ప్రసంగం)



మీలో చాలామంది రాత్రంతా మీవాళ్ల మంచం పక్కన మేలుకుని ఉన్నారు. అందుకే ఎక్కువసేపు కూర్చోబెట్టను. ఒక్క విషయం చెబుతాను.

వార్డులో ఎవరూ చుట్ట గాని, బీడీ గాని ముట్టించరు. ఇంటికి వెళ్లాక మీరూ జాగ్రత్త పడతారు. కాని కోలుకున్న మనిషి ఎన్నాళ్లు ఇంట్లో కూర్చుంటాడు? పైడిభీమవరం ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి కార్మికుల మీటింగు ఉంటుంది. రైతుకు రైతుల సమావేశం, అమ్మకు పొదుపు సంఘం ఉంటాయి. మూసిన గదిలో నలుగురు పొగ తాగితే, గంటసేపు ఆ పొగే మీవారూ పీల్చాలి. పెద్దల ముందు వద్దనలేరు, మధ్యలో లేచి రాలేరు. ఇక్కడ మందులతో కుదుటపడిన ఆయాసం అక్కడ మళ్లీ మొదలవుతుంది.

"మావాడు తాగడం లేదు కదా" అనుకోకండి. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉన్నాయి. వాటిలో సుమారు 70 క్యాన్సర్ కలిగించేవి. ఇంట్లోనో పనిచేసే చోటనో ఇతరుల పొగ పీల్చేవారికి గుండెజబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం పెరుగుతుంది. కిటికీ తీసినా, ఫ్యాను వేసినా ఆ పొగ పూర్తిగా పోదు.

మన జిల్లాలో ఆడవాళ్లు అడ్డపొగ తాగడం మీకు తెలిసిందే. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించిన వైద్యులు, అడ్డపొగ వల్ల అంగిటికి కలిగే హానిని 1971లోనే వెల్లడించారు. నిప్పు నోటిలోపల ఉన్నా, పొగ బయటికే వస్తుంది. పక్కన కూర్చున్న బాలింతా, ఒడిలోని పసిబిడ్డా దాన్నే పీలుస్తారు.

చట్టం కూడా మన పక్షానే ఉంది. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం కింద, 2008 అక్టోబరు 2 నుంచి ఆఫీసులు, ఫ్యాక్టరీలు, సమావేశ మందిరాల వంటి చోట్ల పొగ తాగడం నిషిద్ధం. తాగినవారికి 200 రూపాయల వరకు జరిమానా. ద్వారం దగ్గర బోర్డు పెట్టడం, లోపల ఆష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు లేకుండా చూడడం ఆ చోటు నడిపేవారి బాధ్యత.

మరి మీరేం చేయాలి? మీటింగు కబురు వచ్చినప్పుడే "ఎక్కడ పెడుతున్నారు? అక్కడ పొగ తాగుతారా?" అని అడగండి. మీరే పెట్టేవారైతే, కబురుతోపాటే "లోపల పొగ తాగకూడదు" అని చెప్పండి. మీటింగు పొడుగైతే మధ్యలో కాస్త విరామం ఇవ్వండి. తాగేవారు దూరంగా వెళ్లి వస్తారు. చెట్టు కింద కూర్చున్నా ఇదే కట్టుబాటు పెట్టుకోండి. పెద్దవారితో తగవు వద్దు. "పెద్దయ్యా, మావాడికి ఊపిరాడదు, మీటింగయ్యాక కాల్చుకోండి" అంటే చాలామంది ఆర్పేస్తారు. రోగి నోరు విప్పలేడు. ఆ మాట మీరే అనాలి.

పొగ మానాలనుకునేవారు సిగ్గుపడకుండా డాక్టరుగారిని అడగండి. 1800 11 2356 నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా పొందవచ్చు.

మీవారు మళ్లీ నలుగురిలో కూర్చోవాలి, మాట్లాడాలి, నవ్వాలి. అందుకోసమేగా ఇన్ని రాత్రులు మేలుకున్నారు! వారు కూర్చునే చోట మంచి గాలి ఉండేలా చూడండి.