కాసా సుసానా: ఒక రహస్య విడిది, దాని ఖర్చు



మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసాల్లో ఇదివరకు పెద్దలు రైతు పోరాటాల గురించి, చెరువుల గురించి, శాసనాల గురించి మాట్లాడారు. ఈసారి నేనెంచుకున్న విషయం విని నిర్వాహకులు కాస్త తటపటాయించారు. "అమెరికాలో మగవాళ్లు గౌన్లు తొడుక్కున్న కథ మనకెందుకండీ?" అన్నారు ఒకరు. రైతు పోరాటంతోనే మొదలుపెడతానని మాటిచ్చి ఒప్పించాను. అలాగే మొదలుపెడతాను.

న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది వెంట లక్షల ఎకరాలు ఒకప్పుడు కొద్ది కుటుంబాల చేతుల్లో ఉండేవి. వాటిలో పెద్దది వాన్ రెన్సలేర్ కుటుంబం. కౌలు రైతు ఏటా ఇన్ని బుషెళ్ల గోధుమలు, నాలుగు బలిసిన కోళ్లు, బండి కట్టుకొచ్చి ఒక రోజు చాకిరీ దొరకి ఇచ్చుకోవాలి. వెట్టి గురించి చదువుకున్న మనకు ఇదంతా విడమరచి చెప్పక్కర్లేదు. 1839లో పెద్ద దొర పోయాక వారసులు పాత బకాయిలన్నీ వసూలు చేయబోతే రైతులు తిరగబడ్డారు. జప్తుకి షెరీఫ్ వస్తున్నాడంటే చాలు, తగరపు బూరలు ఊదేవాళ్లు. మొహాలకు ముసుగులు, ఒంటికి పూల అద్దకం గుడ్డతో కుట్టిన పొడుగు గౌన్లు వేసుకుని గుంపులుగా వచ్చి పడేవాళ్లు. వాళ్లను పట్టుకోవడానికి 1845లో ఒక చట్టం చేశారు. మొహానికి రంగు పూసుకునో, కప్పుకునో, మరో విధంగా మారువేషంలోనో రోడ్డు మీద కనిపిస్తే అది దేశదిమ్మరితనం కింద నేరం.

పోరాటం చల్లారింది. చట్టం మాత్రం పుస్తకంలో ఉండిపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో న్యూయార్క్ నగర పోలీసులు దాన్ని దుమ్ము దులిపి, ఆడవాళ్ల దుస్తుల్లో కనిపించిన మగవాళ్ల మీద వాడారు. 1968లో కూడా, సబ్‌వే ప్లాట్‌ఫారం మీద తెల్ల గౌను, ఎత్తు మడమల జోళ్లు, బంగారు రంగు విగ్గుతో కనిపించిన మనిషికి ఈ చట్టం కిందే పడ్డ శిక్షను పై కోర్టు ఖాయం చేసింది. ఆ మనిషి ఎవరినీ దోచుకోలేదు, ఎవరి జప్తునూ అడ్డుకోలేదు. అమెరికాలో చాలా నగరాలకు ఇలాంటి సొంత చట్టాలుండేవి. కొలంబస్‌ది 1848 నాటిది, శాన్ ఫ్రాన్సిస్కోది 1863 నాటిది. మనం నవ్వుకోవడానికి వీల్లేదు. హైదరాబాద్ రాజ్యంలో 1329 ఫస్లీలో, అంటే 1919లో, చేసిన ఖోజాల చట్టం కూడా ఆడబట్టలతో బజార్లోకి రావడాన్నే నేరం చేసింది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జూలైలో.

ఇక అసలు కథ. కౌలు రైతులు గౌన్లు వేసుకుని తిరగబడిన క్యాట్‌స్కిల్ కొండల్లోనే, ఆ 1845 చట్టానికి భయపడ్డ మగవాళ్లు గౌన్లు వేసుకోవడానికి ఒక చోటు ఏర్పడింది. చరిత్రకి ఇంత చమత్కారం ఉంటుందని మాస్టారికి తెలిసే ఉంటుంది.

1950ల్లో మాన్‌హటన్‌లో మేరీ టోర్నెల్ అనే ఆవిడ విగ్గుల దుకాణం నడిపేది. ఒకరోజు చిలీ నుంచి వచ్చి స్థిరపడిన టీటో అరియగాడా అనే ఆయన దుకాణానికి వచ్చి, చెల్లెలికి విగ్గు కావాలన్నాడు. అలాంటి చెల్లెళ్లను మేరీ చాలామందిని చూసి ఉంటుంది. విగ్గు ఎవరికో ఆమెకు తెలిసిపోయింది. తర్వాత ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. స్త్రీగా ఆయన పెట్టుకున్న పేరు సుసానా వాలెంటీ. మేరీకి ఆ కొండల్లో హంటర్ అనే ఊరి దగ్గర నూట యాభై ఎకరాల స్థలం, అందులో ఒక పెద్ద ఇల్లు, చిన్న చిన్న కాటేజీలు ఉండేవి. 1950ల మధ్య నుంచి అది వారాంతపు విడిది అయింది. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి రాయబారిగా, గూఢచారిగా పనిచేసి, 1777 నుంచి స్త్రీగానే బతికిన షెవాలియే దెయోన్ పేరు దానికి పెట్టారు. 1964 ప్రాంతంలో దాన్ని వదిలి, జ్యూవెట్ అనే పక్క ఊళ్లో ఇంకాస్త చిన్న ఇంటికి మారారు. ఆ ఇంటి పేరే కాసా సుసానా. సుసానా ఇల్లు.

శుక్రవారం సాయంత్రం కార్లు వచ్చేవి. దిగేవాళ్లు పైలట్లు, ఇంజనీర్లు, అకౌంటెంట్లు, లైబ్రేరియన్లు. చాలామంది పెళ్లయినవాళ్లు, పిల్లలున్నవాళ్లు. డిక్కీలో ఇంట్లో ఎవరికీ చూపించని సూట్‌కేసు. నగరం నుంచి నూరు మైళ్లకు పైగా ప్రయాణం. దారిలో పోలీసు ఆపి డిక్కీ తెరిపిస్తే ఉద్యోగం, కాపురం రెండూ పోయే కాలం. లోపలికొచ్చాక మేరీ విగ్గులు సరిచేసేది. మేకప్ ఎలా వేసుకోవాలో నేర్పేవాళ్లు. రాత్రి సుసానా పాటలూ ఆటలూ.

అయితే ఆ ఇంట్లో తీసుకున్న ఫొటోల్లో ఎక్కువగా కనిపించేది ఆటపాటలు కాదు. స్క్రాబుల్ ఆడుతుంటారు. వంటింట్లో ఏదో చేస్తుంటారు. పచ్చిక మీద కుర్చీ వేసుకుని ఊరికే కూచుంటారు. మనకు స్థానం నరసింహారావుగారు తెలుసు. సత్యభామగా ఆయన రంగం మీదికొస్తే జనం చూపు తిప్పుకోలేదు, 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆ వేషానికి ప్రేక్షకులుండాలి. క్యాట్‌స్కిల్‌కి వచ్చినవాళ్లకు కావలసింది ప్రేక్షకులు లేకపోవడం. శనివారం మధ్యాహ్నం గౌనేసుకుని బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే ఎవరూ తలెత్తి చూడకూడదు. వాళ్ల కోరిక అంతే. దానికి నూట యాభై ఎకరాలు కావలసి వచ్చింది.

ఈ మనుషులు ఒకరికొకరు ఎలా తెలిశారన్నది ముఖ్యమైన ప్రశ్న. దానికి జవాబు పోస్టాఫీసు. లాస్ ఏంజెలస్‌లో వర్జీనియా ప్రిన్స్, ఫార్మకాలజీలో డాక్టరేట్ ఉన్న వ్యక్తి, ఇలాంటివాళ్ల కోసం 1960లో 'ట్రాన్స్‌వెస్టియా' అనే పత్రిక మొదలుపెట్టింది. సుసానా అందులో శీర్షిక రాసేది, కొండల్లోని ఇంటి కబుర్లు చెప్పేది. ఆ పత్రిక తపాలాలో అందుకోవడమే ఒక సాహసం. ప్రిన్స్ మీద అశ్లీలమైన ఉత్తరాలు పంపినందుకు తపాలా శాఖ కేసు పెట్టి, శిక్ష కూడా వేయించింది. 1961లో కొందరు చందాదారులను ఆమె ఒకచోట సమావేశపరిచింది. అందరూ తలా ఒక సంచి తేవాలి, అందులో మేజోళ్లు, ఎత్తు మడమల జోళ్లు. ఒక సైగతో అందరూ ఒకేసారి తొడుక్కోవాలి. ముందు తొడుక్కున్నవాణ్ని పక్కవాడు పోలీసులకు పట్టించకుండా ఈ ఏర్పాటు. నమ్మకం ముందు పుట్టి తర్వాత సంఘం ఏర్పడుతుందనుకుంటాం. ఇక్కడ అందరూ సమంగా ఇరుక్కున్నాకే నమ్మకం పుట్టింది.

ఫొటోలకూ ఇదే చిక్కు. ఫిల్మ్ రోలు స్టూడియోకి ఇస్తే కడిగేవాడు ఏమంటాడో, ఎవరికి చెబుతాడో. అందుకే వాళ్లలో ఒకరు ఇంట్లోనే ఫొటోలు కడిగేవారు. అప్పటికప్పుడు బయటికొచ్చే పోలరాయిడ్ కెమెరా కూడా వీళ్ల పాలిట వరమే అయింది.

1962లో, మారువేషాలు వేసుకునే హాలోవీన్ పండగకి, కొండ మీద పెద్ద సమావేశం జరిగింది. న్యూయార్క్ చట్టం కూడా మారువేషపు విందులకు కొంత వెసులుబాటు ఇచ్చింది గనక ఆ పండగ అనువుగా ఉండేది. లైంగిక ప్రవర్తన మీద పరిశోధన చేసే కిన్సీ సంస్థ నుంచి వార్డెల్ పోమరాయ్ వచ్చాడు. రోగులుగా కాక ఆతిథ్యమిచ్చేవాళ్లుగా వీళ్లు ఒక పరిశోధకుణ్ని కలవడం అప్పట్లో అరుదు.

ఇంతవరకు విన్నది ముచ్చటైన కథ. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నేను ఆపను, ఎందుకంటే ఆ ఇంటి ఖర్చు ఇంకా చెప్పలేదు.

ప్రిన్స్ 1962లో పెట్టిన సంఘంలో సభ్యత్వానికి ఒక షరతు ఉండేది. స్త్రీలను ఇష్టపడే మగవాళ్లే చేరాలి. మగవాళ్లను ఇష్టపడేవాళ్లు, ఆపరేషన్ చేయించుకుని పూర్తిగా స్త్రీగా మారాలనుకునేవాళ్లు రాకూడదు. మేం మర్యాదస్తులం, సంసారులం, వాళ్లలాంటి వాళ్లం కాదు అని పోలీసులకీ భార్యలకీ చెప్పుకోవడానికి ఆ గీత కావాలి. భయంలో ఉన్నవాడు తనకంటే కింద ఒకణ్ని చూపించుకుంటాడు. దాన్ని అర్థం చేసుకోగలను, మెచ్చుకోలేను. పైగా ఆ గీత నిలబడలేదు. 1968 నుంచి ప్రిన్సే పూర్తికాలం స్త్రీగా బతికింది. 1970 ప్రాంతంలో సుసానా కూడా అదే నిర్ణయాన్ని తన శీర్షికలో ప్రకటించింది. ఆ ఇంటికి వెళ్లొచ్చిన ఆస్ట్రేలియా లైబ్రేరియన్ కేథరిన్ కమింగ్స్ తర్వాత స్త్రీగా మారి, 1992లో తన ఆత్మకథ ప్రచురించింది. సంఘం వద్దన్న మనుషులు సంఘం ఫొటోల్లోనే, మధ్య వరసలో, ముత్యాల దండ వేసుకుని నవ్వుతూ ఉన్నారు.

ముత్యాల దండ అంటే గుర్తొచ్చింది. 1963లో బెటీ ఫ్రీడన్ 'ది ఫెమినిన్ మిస్టిక్' రాసి, నగర శివార్ల గృహిణి తన వంటింట్లో ఊపిరాడక ఎలా నలిగిపోతోందో చెప్పింది. సరిగ్గా ఆ ఏళ్లలోనే ఈ మగవాళ్లు ఏప్రన్ కట్టుకుని అలాంటి గృహిణిలా ఉండడానికి గంటల తరబడి కారు నడుపుకుని వచ్చేవాళ్లు. ఆదివారం సాయంత్రం ఏప్రన్ విప్పేసి వెళ్లిపోయే వీలు వాళ్లకుంది. వాళ్లను హేళన చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆ వీలు లేని మనిషి కూడా అదే ఇంట్లో ఉండేది. మేరీ. స్థలం ఆమెది, విగ్గులు ఆమెవి, ఇంతమంది అతిథుల బాగోగులు చూసేదీ ఆమే. సుసానా ఇల్లు అని పేరు పెట్టుకున్నారు గానీ, లెక్క చూస్తే అది మేరీ ఇల్లు. ఆ ఇంటి మీద ఎంత రాసినా ఆమెకు దక్కేది ఒకటి రెండు పేరాలే.

భార్యల సంగతీ అంతే. సైన్స్ ఫిక్షన్ చదివేవాళ్లకు డొనాల్డ్ వోల్‌హైమ్ పేరు తెలుసు, డా బుక్స్ స్థాపించిన సంపాదకుడు. ఆయన ఈ విడిదికి వెళ్లేవాడు, మారుపేరుతో 1966లో దాని మీద ఒక పుస్తకం కూడా రాశాడు. ఆయన సొంత ఇంటి లోపలి భారం ఎలాంటిదో చాలా ఏళ్ల తర్వాత, సెబాస్టియన్ లిఫ్షిట్జ్ తీసిన 2022 నాటి డాక్యుమెంటరీలో, వోల్‌హైమ్ కూతురు చెప్పింది. రహస్యం దాచినవాడు ఒక్కడే. దాన్ని మోసినవాళ్లు ఇల్లంతా.

కాసా సుసానా 1960ల చివరికి మూతబడింది. ప్రిన్స్ సంఘం గీసిన గీత అవతల మిగిలిపోయినవాళ్లూ ఒక ఇల్లు కట్టుకోబోయారు. 1970లో సిల్వియా రివేరా, మార్షా జాన్సన్ అనే ఇద్దరు న్యూయార్క్ వీధుల్లో బతికే ట్రాన్స్ పిల్లల కోసం స్టార్ అనే బృందం పెట్టారు. మొదట పార్కింగ్ స్థలంలో నిలిపి ఉన్న ఒక ట్రక్కు ట్రైలర్‌లో పిల్లలను పడుకోబెట్టారు. తర్వాత ఈస్ట్ రెండో వీధిలో శిథిలమైన ఒక అద్దె కొంప. అద్దె కోసం ఈ ఇద్దరూ తమ ఒళ్లమ్ముకున్నారు, పిల్లలు ఆ పని చేయనక్కర్లేకుండా. అయినా బకాయి పడితే 1971లో ఇంటి యజమాని వెళ్లగొట్టాడు.

కాసా సుసానా ఫొటోలు 2000ల తొలినాళ్లలో మాన్‌హటన్ పాతసామాన్ల బజార్లో రాబర్ట్ స్వోప్ అనే ఫర్నిచర్ వ్యాపారి కంటబడ్డాయి. 2005లో పుస్తకమయ్యాయి. ఇప్పుడు మూడు వందలకు పైగా టొరంటోలోని ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ ఒంటారియోలో ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శించారు. స్టూడియోవాడు కూడా చూడకూడదని ఇంట్లో కడుక్కున్న ఫొటోలవి. వాటిలో ఉన్న చాలామందిని ఎవరూ అడగలేదు, అడగడానికి వాళ్ల అసలు పేర్లే తెలియవు. నేను ఈ ఉపన్యాసానికి ఒక్క ఫొటో కూడా తెరమీద చూపించకపోవడానికి కారణం అదే. పుస్తకం తెచ్చాను, బల్ల మీద ఉంది. చూడాలనుకున్నవాళ్లు సభ ముగిశాక వచ్చి చూడొచ్చు.